మాంచెస్టర్ సిటీ బస్సులు మళ్లీ ప్రభుత్వ చేతికి వచ్చాయి. నిజంగా ఏం మారింది?

#1 సాల్ఫర్డ్_సుధ (సాల్ఫర్డ్, ఇంగ్లండ్)

అందరికీ నమస్కారం. 2025 జనవరి 5తో గ్రేటర్ మాంచెస్టర్‌లోని 10 మున్సిపల్ ప్రాంతాల్లో సిటీ బస్సులు పూర్తిగా ప్రభుత్వ నియంత్రణలోకి వచ్చేశాయి. 2023 సెప్టెంబరు 24న బోల్టన్, విగన్ వైపు మొదలుపెట్టారు. 2024 మార్చి 24న ఓల్డమ్, రోచ్‌డేల్ వచ్చాయి. చివరగా స్టాక్‌పోర్ట్, టేమ్‌సైడ్, ట్రాఫర్డ్. ఇప్పుడు ఎక్కడ చూసినా పసుపు రంగు బస్సులే, వాటి మీద తేనెటీగ బొమ్మ. పేరు బీ నెట్‌వర్క్.

మన వాళ్లలో చాలామందికి ఇంగ్లండ్ బస్సులంటే లండన్ ఎర్ర బస్సులే తెలుసు. లండన్ బయట కథ వేరు. థాచర్ ప్రభుత్వం 1985లో చట్టం తెచ్చి, 1986 అక్టోబరు 26 నుంచి బస్సులను మార్కెట్‌కు వదిలేసింది. ఏ రూట్లో తిప్పాలి, ఎన్ని గంటలకు తిప్పాలి, ఛార్జీ ఎంత అనేవన్నీ కంపెనీ ఇష్టం. 42 రోజుల ముందు నోటీసు ఇస్తే చాలు, రూటు మొదలుపెట్టొచ్చు, ఆపేయనూ వచ్చు. ఊరి కౌన్సిల్‌కు అడిగే హక్కు లేదు. కంపెనీ వదిలేసిన ట్రిప్పులు జనానికి తప్పనిసరి అనిపిస్తే, వాటికి మాత్రం కౌన్సిల్ డబ్బు కట్టి టెండరు పిలవాలి. లాభం వచ్చే పగటి ట్రిప్పులు కంపెనీవి, నష్టం వచ్చే రాత్రి ట్రిప్పులు, ఆదివారం ట్రిప్పులు మన పన్నుల ఖాతాలోవి. 37 ఏళ్లు ఇలాగే నడిచింది, బస్సు ఎక్కేవాళ్లూ తగ్గిపోయారు.

ఈ పెత్తనం వెనక్కి తీసుకోవడం మంచి పని అని నా గట్టి నమ్మకం. ఇక్కడ ఉంటున్నవాళ్లు, ఆర్టీసీ గురించి తెలిసినవాళ్లు మీ అభిప్రాయాలు రాయండి.

#2 లెక్కల_మాస్టారు (బర్మింగ్‌హామ్)

సుధ గారూ, విషయం బాగా చెప్పారు. అయితే రెండు మూడు ప్రశ్నలు అడగక తప్పదు. లండన్ బయట బస్సు ఎక్కేవాళ్లు తగ్గిన మాట నిజమే. ఆ తగ్గడానికి ప్రైవేటీకరణ ఒక్కటే కారణమా? ఆ నలభై ఏళ్లలోనే ఇంటింటికీ కారు వచ్చింది, ఊరి బయట షాపింగ్ మాల్స్ వచ్చాయి, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఒక ట్రిప్పుకు 2 పౌండ్ల ఛార్జీని కూడా జనం బీ నెట్‌వర్క్ ఘనతగా చెబుతున్నారు. 2023 జనవరి నుంచి 2024 చివరిదాకా ఇంగ్లండ్ అంతటా 2 పౌండ్ల పరిమితి ఉంది కదా, ప్రైవేటు బస్సుల్లో కూడా.

మా వెస్ట్ మిడ్‌ల్యాండ్స్ (బర్మింగ్‌హామ్ ఉన్న ప్రాంతం) కూడా 2025 మే నెలలో ఇదే దారి పట్టాలని నిర్ణయించింది. రేపు దానికి కట్టేది నా కౌన్సిల్ ట్యాక్స్, అంటే ఇక్కడి ఇంటి పన్ను. అందుకే ఇంత పట్టుగా అడుగుతున్నాను.

#3 సాల్ఫర్డ్_సుధ

మాస్టారూ, అడగాల్సిన ప్రశ్నలే. కార్లు పెరగడం దేశమంతా జరిగింది, లండన్‌లోనూ జరిగింది. కానీ 1986లో లండన్‌ను ఆ చట్టం నుంచి మినహాయించారు. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో లండన్ బస్సు ప్రయాణాలు దాదాపు రెట్టింపయ్యాయి, మాంచెస్టర్‌లో సుమారు సగానికి పడిపోయాయి. కారణం ఇదొక్కటే అని నేనూ అనను. కానీ ఇంత తేడాను కార్ల ఖాతాలో వేసి ఊరుకోలేం.

ఛార్జీ సంగతి. మాంచెస్టర్‌లో 2 పౌండ్లు 2022 సెప్టెంబరులోనే మొదలైంది, దేశం కంటే ముందు. 2025 జనవరిలో దేశవ్యాప్త పరిమితిని 3 పౌండ్లకు పెంచినప్పుడు ఇక్కడ పెంచలేదు. ఇప్పుడు ఆ 2 పౌండ్లకే గంటలోపు ఎన్ని బస్సులైనా మారొచ్చు.

టికెట్ల గురించి ఒక్కటి చెప్పనివ్వండి. పాత రోజుల్లో సాయంత్రం షిఫ్ట్ దిగి స్టాప్‌లో నిలబడితే, నా చేతిలో ఒక కంపెనీ డే టికెట్ ఉండేది. మొదట వచ్చే బస్సు ఇంకో కంపెనీది. నంబరు అదే, వెళ్లే ఊరు అదే. తెలియక ఎక్కినవాళ్లు టికెట్ చూపిస్తే డ్రైవర్ తల అడ్డంగా ఊపేవాడు. కొందరు మళ్లీ డబ్బులిచ్చి కొనేవాళ్లు, కొందరు దిగిపోయి వానలో నిలబడేవాళ్లు. మా ఆసుపత్రి వార్డులో క్లీనింగ్ చేసే ఒక పెద్దావిడ ఇలా దిగిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఆవిడకు ఇంకో టికెట్ కొనే స్తోమత లేదు. మొత్తం ప్రాంతంలో నూటికి పైగా రకాల టికెట్లు ఉండేవి. ఇప్పుడు ఏ బస్సయినా, ట్రామ్ అయినా బ్యాంకు కార్డు ఆనిస్తే చాలు, రోజుకు ఇంతకంటే ఎక్కువ కోయకుండా సిస్టమే చూసుకుంటుంది. ఇది 2025 మార్చి నుంచి వచ్చింది.

#4 రోచ్‌డేల్_రాజు (బస్సు డ్రైవర్)

నేను ఇక్కడ బస్సు నడుపుతాను కాబట్టి స్టీరింగ్ వైపు నుంచి చెబుతాను. కొత్త విధానం వచ్చిన రోజు మా డిపో అదే, రెస్ట్ రూమ్ అదే, మనుషులు వాళ్లే. యూనిఫాం, బస్సు రంగు మారాయి, కొందరికి పే స్లిప్ మీద కంపెనీ పేరు మారింది. సర్వీసు, షరతులు పోకుండా చట్టం ప్రకారం బదిలీ చేశారు.

మారింది ఏంటంటే, మా కంపెనీ ఇప్పుడు టికెట్ డబ్బు కోసం బస్సు నడపదు. ప్రయాణికుడు ఇచ్చిన 2 పౌండ్లు ఇక్కడి ప్రభుత్వ రవాణా సంస్థ ట్రాన్స్‌పోర్ట్ ఫర్ గ్రేటర్ మాంచెస్టర్ ఖాతాలోకి పోతాయి. టైమ్ టేబుల్ వాళ్లు ఇస్తారు, దాని ప్రకారం నడిపినందుకు కంపెనీకి కాంట్రాక్టు డబ్బు. టైముకు నడపకపోతే కోత పడుతుంది.

దీంతో రోడ్డు మీద తేడా కనిపిస్తుంది. ఇదివరకు ఆక్స్‌ఫర్డ్ రోడ్, విల్మ్‌స్లో రోడ్ వైపు యూనివర్సిటీ పిల్లలు వేలల్లో ఉంటారని కంపెనీలన్నీ బస్సులు అక్కడే దించేవి. ఒకదాని వెనక ఒకటి, సగం ఖాళీగా. అదే సమయంలో గుట్ట మీద కాలనీలో గంటకు ఒక బస్సు కూడా ఉండేది కాదు. ఇప్పుడు ఎదుటి బస్సు కంటే ముందు స్టాప్‌కు చేరాలనే ఆత్రం లేదు, ఎవరెక్కినా డబ్బు ఒకే చోటికి పోతుంది కాబట్టి.

#5 డిపో_నరసింహ (హైదరాబాద్, రిటైర్డ్ ఆర్టీసీ)

అందరికీ దండాలు. చాలా శ్రద్ధగా చదివాను. రాజు తమ్ముడూ, రెండు మాటలు అడుగుతా. బస్సు ఎవరిది? నీకు జీతం ఇచ్చేది ఎవరు?

#6 రోచ్‌డేల్_రాజు

అన్నా, జీతం కంపెనీయే ఇస్తుంది. డిపోలు మాత్రం ఎక్కువ భాగం ప్రభుత్వ సంస్థ కొనేసింది. కొత్త ఎలక్ట్రిక్ బస్సులు కూడా వాళ్లే కొని కంపెనీలకు నడపడానికి ఇస్తున్నారు.

#7 డిపో_నరసింహ

అయితే ఒక మాట చెప్పాలి. రూటు, టైము, ఛార్జీ ప్రభుత్వానివి. డ్రైవర్ కంపెనీ మనిషి. బస్సు నడిపినందుకు కంపెనీకి కాంట్రాక్టు డబ్బు. దీన్నే మన దగ్గర గ్రాస్ కాస్ట్ కాంట్రాక్టు అంటున్నారు. హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ బస్సులు ఇదే పద్ధతిలో తిరుగుతున్నాయి. 2019లో ఎయిర్‌పోర్ట్ రూట్లో 40 బస్సులతో మొదలైంది. బస్సు కంపెనీది, డ్రైవర్ కంపెనీ మనిషి, ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత అని కడుతుంది. అంతకు ముందు నుంచీ అద్దె బస్సులు ఉండనే ఉన్నాయి, డ్రైవర్ ఓనర్ పెట్టిన మనిషి, కండక్టర్ మన ఆర్టీసీ మనిషి. కేంద్రం ఎలక్ట్రిక్ వాహనాల పథకం పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు ఇంకో 2,000 బస్సులు కేటాయించామని కేంద్ర మంత్రి కుమారస్వామి గారు 2025 మే నెలలో ప్రకటించారు.

అంటే మాంచెస్టర్ వాళ్లు చప్పట్లు కొట్టి తెచ్చుకున్న ఒప్పందం, మా డిపోలకు దిగులు పుట్టించే ఒప్పందం, కాగితం మీద ఇంచుమించు ఒకటే. వాళ్లకు అది ఎక్కే మెట్టు, మాకు దిగే మెట్టు. వాళ్లు ఏమీ లేని చోటు నుంచి పెత్తనం దాకా వచ్చారు. మేము బస్సు, డ్రైవరు, గ్యారేజీ, మెకానిక్ అన్నీ మనవే అయిన చోటు నుంచి పెత్తనం ఒక్కటే మిగిలే చోటికి పోతున్నాం. కాబట్టి ‘చూడండి, ఇంగ్లండ్‌లో కూడా ప్రైవేటు వాళ్లే నడుపుతున్నారు’ అని ఎవరైనా మాంచెస్టర్‌ను చూపిస్తే ఒప్పుకోకండి. ఎటు నుంచి ఎటు పోతున్నారో చూడాలి.

#8 లండన్_లక్ష్మి (ఈస్ట్ హ్యామ్)

నరసింహ గారు చెప్పింది లండన్‌కు కూడా వర్తిస్తుంది. ఎర్ర బస్సులు చూసి ప్రభుత్వానివి అనుకుంటారు. 1985 నుంచే రూట్లను టెండరుకు పెట్టడం మొదలైంది, 1994-95లో లండన్ బస్ కంపెనీలన్నీ అమ్మేశారు. మిగిలింది ప్లానింగ్, ఛార్జీ, రంగు. అదే లండన్‌ను కాపాడింది. 2003లో టికెట్ బదులు వాడే ఆయిస్టర్ కార్డు, 2016లో గంటలోపు బస్సు మారే హాపర్ టికెట్ తేగలిగారంటే అన్ని బస్సుల టికెట్ డబ్బు ఒకే చోట ఉండబట్టే.

కానీ ఈ పద్ధతిలో మొదట్లో టెండరు గెలవడానికి కంపెనీలు తగ్గించింది డ్రైవర్ల జీతాలనే. ఈ రోజుకీ ఒకే రూట్లో వెనక ముందు తిరిగే రెండు బస్సుల డ్రైవర్లకు వేర్వేరు జీతాలు ఉండొచ్చు, కంపెనీలు వేరు కాబట్టి. లాభం కూడా ఎక్కడికి పోతుందో చూడండి. మాంచెస్టర్‌లో కాంట్రాక్టులు గెలిచిన మెట్రోలైన్ సింగపూర్‌కు చెందిన కంఫర్ట్‌డెల్‌గ్రో సంస్థది. స్టేజ్‌కోచ్‌ను 2022లో ఒక జర్మన్ పెట్టుబడి సంస్థ కొన్నది. గో-అహెడ్‌ను అదే ఏడాది ఆస్ట్రేలియా, స్పెయిన్ సంస్థలు కలిసి కొన్నాయి.

#9 విగన్_విద్యార్థి

ఒక డౌట్. ఇంత స్పష్టంగా నష్టం కనిపిస్తుంటే వెనక్కి తీసుకోవడానికి 37 ఏళ్లు ఎందుకు పట్టింది? పైగా డిపోలు కొనడం ఎందుకు? కంపెనీల డిపోల నుంచే నడిపించుకోవచ్చు కదా?

#10 సాల్ఫర్డ్_సుధ

తమ్ముడూ, డిపోతో మొదలుపెడతాను, అది చాలా ముఖ్యం. కాంట్రాక్టు టెండరు పిలిచావనుకో. ఆ ప్రాంతంలో డిపో ఉన్న కంపెనీ ఒక్కటే. బయటి కంపెనీ రావాలంటే వందల బస్సులు పెట్టుకునే స్థలం, ఇంధనం, వర్క్‌షాప్ ఎక్కడి నుంచి తెస్తుంది? అప్పుడు పాత కంపెనీ చెప్పిందే రేటు. ఇక్కడ జీఎం బస్సెస్ అనే ప్రభుత్వ సంస్థను 1993లో ఉత్తరం, దక్షిణం అని రెండు ముక్కలు చేసి, 1994లో సిబ్బంది, మేనేజ్‌మెంట్ కలిసి కొనుక్కునేలా అమ్మారు. రెండేళ్లు తిరగకుండానే అవి ఫస్ట్, స్టేజ్‌కోచ్ అనే ప్రైవేటు కంపెనీల చేతుల్లోకి వెళ్లిపోయాయి. ఆ అమ్మకంలోనే డిపోలు కూడా పోయాయి. ప్రజలు తమ డబ్బుతో కట్టుకున్న డిపోలను మళ్లీ ప్రజల డబ్బుతోనే కొనాల్సి వచ్చింది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇక ఆలస్యం. 2000లో వచ్చిన చట్టంలో బస్సుల పెత్తనం వెనక్కి తీసుకోవడానికి క్వాలిటీ కాంట్రాక్ట్ అనే దారి పెట్టారు, కానీ షరతులు ఎంత కఠినం అంటే ఒక్క ఊరు కూడా దాన్ని అమలు చేయలేకపోయింది. న్యూకాజిల్ ఉన్న టైన్ అండ్ వేర్ వాళ్లు ఏళ్ల తరబడి ప్రయత్నిస్తే, 2015 నవంబరులో స్వతంత్ర బోర్డు ఒప్పుకోలేదు. ఆ తర్వాత 2017 చట్టం వచ్చింది. ప్రజలు నేరుగా ఎన్నుకున్న మేయర్ ఉన్న ప్రాంతాలకు ఫ్రాంచైజింగ్ అధికారం ఇచ్చింది, అంటే రూటు, టైము, ఛార్జీ తామే నిర్ణయించి కంపెనీలకు కాంట్రాక్టు ఇచ్చే అధికారం. అదే ఏడాది మేలో ఆండీ బర్నమ్ మేయర్ అయ్యారు. లెక్కలు కట్టి, ఆడిట్ చేయించి, ప్రజల అభిప్రాయం రెండుసార్లు తీసుకుని 2021 మార్చి 25న నిర్ణయం ప్రకటించారు. స్టేజ్‌కోచ్, రొటాలా కంపెనీలు కోర్టుకెళ్లాయి. 2022 మార్చిలో హైకోర్టు కొట్టేసింది. రొటాలా అప్పీలుకు వెళ్లింది, జులైలో అదీ పోయింది.

ఇవన్నీ ఊరికే జరగలేదు. ‘బెటర్ బసెస్ ఫర్ గ్రేటర్ మాంచెస్టర్’ అని మామూలు ప్రయాణికులు పెట్టుకున్న ప్రచార బృందం ఏళ్ల తరబడి వెంటపడింది.

#11 బెజవాడ_వకీలు (విజయవాడ)

కోర్టు మాట వచ్చింది కాబట్టి నేనూ ఒక చెయ్యి వేస్తాను. ఇదే పోరాటం మన కృష్ణా జిల్లాలో 1950ల్లో జరిగింది, ఆ తీర్పును లా కాలేజీలో ఇప్పటికీ చదువుతారు.

1956లో మోటారు వాహనాల చట్టానికి సవరణ తెచ్చి, ప్రభుత్వ రవాణా సంస్థ ఒక స్కీము వేసి ప్రైవేటు రూట్లను తీసుకునే వీలు కల్పించారు. 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడింది. కృష్ణా జిల్లా రూట్ల జాతీయీకరణ స్కీముపై అక్కడి బస్సు యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అదే గుళ్లపల్లి నాగేశ్వరరావు వర్సెస్ ఏపీఎస్ఆర్టీసీ కేసు. కోర్టు ఆ స్కీము ఆమోదాన్ని కొట్టేసింది. ఎందుకో గమనించండి. ప్రభుత్వం బస్సులు తీసుకోకూడదని కాదు. అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ కార్యదర్శి, అంటే స్కీములో సంబంధం ఉన్న శాఖ మనిషే. పైగా విన్నది ఆయన, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. ఒకరు విని ఇంకొకరు తేల్చడం సహజ న్యాయానికి విరుద్ధం అన్నది కోర్టు. ప్రభుత్వం ఆ లోపాన్ని సరిచేసుకుని మళ్లీ విచారణ జరిపింది. యజమానులు రెండోసారి వెళ్లారు గానీ జాతీయీకరణ ఆగలేదు.

మాంచెస్టర్‌లో కంపెనీలు వాదించింది కూడా పద్ధతి గురించే. కొవిడ్ వచ్చి ప్రయాణికుల లెక్కలన్నీ తారుమారయ్యాక పాత అంచనాతో నిర్ణయం ఎలా తీసుకుంటారని. మేయర్ కొవిడ్ తర్వాత రెండోసారి అభిప్రాయ సేకరణ జరిపించడమే కోర్టులో అక్కరకొచ్చింది. ఆత్రపడి అడ్డదారిలో వెళ్లి ఉంటే 1958లో మనకు తగిలిన దెబ్బే వాళ్లకూ తగిలేది.

#12 లెక్కల_మాస్టారు

వకీలు గారూ, ఇది నాకు కొత్త విషయం, ధన్యవాదాలు. ఇక నా అసలు ఆందోళన చెబుతాను. మాంచెస్టర్ ఈ మార్పుకు 2021లో వేసుకున్న అంచనా 13.45 కోట్ల పౌండ్లు. అది మారడానికే. నడపడానికి ప్రతి ఏటా ఖర్చు ఉంటుంది. ఇదివరకు బస్సు ఖాళీగా తిరిగితే నష్టం కంపెనీది, ఇప్పుడు నష్టం ఊరిది. 2020లో లండన్‌కు ఏమైందో చూశాం. కొవిడ్ వచ్చి టికెట్ డబ్బు ఆగిపోగానే ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ కేంద్ర ప్రభుత్వం ముందు చెయ్యి చాచాల్సి వచ్చింది, ప్రతిసారీ కొత్త షరతులతో. పెత్తనం వస్తే రిస్కు కూడా వస్తుంది. ఆ మాట జనానికి ముందే చెప్పాలి.

#13 సాల్ఫర్డ్_సుధ

చెప్పాలి మాస్టారూ, అందులో రెండో మాట లేదు. మేయర్ ఖాతా కింద కౌన్సిల్ ట్యాక్స్‌లో బస్సుల కోసం వాటా పెంచారు, మా ఇంటి బిల్లులో కూడా కనిపిస్తుంది.

కానీ 2020లో ప్రైవేటు కంపెనీలను నిలబెట్టింది ఎవరు? లాక్‌డౌన్‌లో ఖాళీ బస్సులు నడపడానికి కేంద్రం వాళ్లకు కూడా కోట్లకు కోట్లు ఇచ్చింది. వృద్ధుల పాసుల డబ్బు, ఇంధన గ్రాంటు, రాత్రి ట్రిప్పుల టెండరు డబ్బు ఎప్పటి నుంచో ఇస్తూనే ఉంది. అంటే రిస్కు పెద్ద భాగం ముందు నుంచీ మన మీదే ఉంది, పెత్తనం మాత్రం లేదు. ఐక్యరాజ్యసమితి మాజీ ప్రత్యేక ప్రతినిధి ఫిలిప్ ఆల్స్టన్ బృందం 2021లో బ్రిటన్ బస్సుల మీద ఇచ్చిన నివేదిక కూడా ఈ ప్రైవేటు విధానం విఫలమైందనే తేల్చింది.

#14 లెక్కల_మాస్టారు

సరే, డబ్బు అప్పుడూ పోయేదన్న మాట ఒప్పుకోదగిందే. మా దగ్గర పోటీ అన్నది పేరుకే, ఎక్కువ బస్సులు ఒకే కంపెనీవి. ఆ కంపెనీ రూటు తీసేస్తే ఇంకొకరు వచ్చే పరిస్థితి లేదు. అయినా నేను ఒకటి పట్టుబడతాను. ప్రతి రూటు కిలోమీటరుకు ఎంత ఖర్చవుతుందో, ఎంత వస్తుందో ఏటా బయట పెట్టాలి. ప్రభుత్వం చేతికొచ్చిందని లెక్క కప్పెడితే పది ఏళ్ల తర్వాత ఇంకో ప్రభుత్వం వచ్చి ‘నష్టాల్లో ఉంది, అమ్మేద్దాం’ అంటుంది.

#15 విగన్_విద్యార్థి

నాకు లెక్కలు అంతగా తెలియవు, వాడేవాడిగా చెబుతాను. 2024 సెప్టెంబరు నుంచి రెండు రూట్లలో రాత్రంతా బస్సులు పెట్టారు. లీ నుంచి మాంచెస్టర్‌కు వీ1, బోల్టన్ నుంచి సాల్ఫర్డ్ మీదుగా 36. గంటకు కనీసం ఒకటి, అదే 2 పౌండ్లు. మా ఫ్రెండ్స్‌లో చాలామంది సిటీలో హోటళ్లలో, వేర్‌హౌసుల్లో పార్ట్ టైమ్ చేస్తారు. డ్యూటీ అర్ధరాత్రి దాటాక అయిపోతుంది. అప్పట్లో నలుగురం కలిసి క్యాబ్ మాట్లాడుకునేవాళ్లం, ఒక్కరే ఉంటే ఆ రోజు సంపాదనలో పెద్ద ముక్క దానికే పోయేది. చలికాలంలో నడిచి వెళ్లే వాళ్లు కూడా ఉండేవారు, అమ్మాయిలైతే ఇంట్లో వాళ్లకు రోజూ టెన్షన్. లాభం చూసుకునే కంపెనీ తెల్లవారుజామున 3 గంటల బస్సు తనంతట తాను వేయదు. అడగడానికి ఒక ఆఫీసు, ఓటేసి దించగల ఒక మేయర్ ఉండబట్టే అది వచ్చింది.

#16 డిపో_నరసింహ

బిడ్డా, ఈ మాట నాకు చాలా నచ్చింది. ఓటేసి దించగల మనిషి. 2019లో ఇదే మా గొంతు దాకా వచ్చిన ప్రశ్న. అక్టోబరు 5న సమ్మెకు దిగాం, సుమారు 48,000 మందిమి, 52 రోజులు. ఆర్టీసీని ప్రభుత్వంలో కలపాలన్నది మొదటి డిమాండు. నవంబరు 2న కేబినెట్ 5,100 రూట్లకు ప్రైవేటు పర్మిట్లు ఇస్తామని తీర్మానం చేసింది. ఆ రాత్రి మా కాలనీలో ఎవరింట్లోనూ పొయ్యి వెలిగిన గుర్తు లేదు. చివరికి ఆ పర్మిట్లు ఇవ్వలేదు, సమ్మె ముగిశాక అందరినీ డ్యూటీలోకి తీసుకున్నారు. ఆంధ్రలో 2020 జనవరి 1 నుంచి సిబ్బందిని ప్రభుత్వ ఉద్యోగులను చేశారు. ఇక్కడ 2023లో విలీనం బిల్లు పాసైంది.

ఆ 5,100 రూట్లు పోయి ఉంటే ఏమయ్యేది? గిట్టుబాటు అయ్యే రూట్లన్నీ ముందు పోయేవి. ఆర్టీసీలో మేం రూటును ఓఆర్ (ఎన్ని సీట్లు నిండాయి), ఈపీకే (కిలోమీటరుకు ఎంత వచ్చింది) చూసి లెక్కగడతాం. కానీ డిపో మేనేజర్‌కు తెలుసు, ఈపీకే తక్కువ ఉన్న పల్లె బస్సులోనే బడి పిల్లలు, దవాఖానాకు పోయే ముసలోళ్లు ఉంటారని. మంచి రూటు నుంచి వచ్చిన పైసతో ఆ బస్సు తిరుగుతుంది. మంచి రూటు తీసేస్తే ఆ బస్సు ఆగుతుంది. మాంచెస్టర్‌లో 1986 తర్వాత అయింది ఇదే. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం పెట్టగలిగారన్నా, 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలో స్త్రీ శక్తి పెట్టగలిగారన్నా ఒక ఆర్టీసీ అంటూ మిగిలి ఉండబట్టే. వంద కంపెనీలుంటే ఎవరితో మాట్లాడి పెడతారు?

#17 రోచ్‌డేల్_రాజు

అన్నా, సమ్మె మాట వచ్చింది కాబట్టి ఇక్కడి పచ్చి నిజం కూడా చెప్పాలి. 2025 సెప్టెంబరులో మాంచెస్టర్‌లో మూడు కంపెనీల డ్రైవర్లు జీతాల కోసం యునైట్ యూనియన్ తరఫున సమ్మె చేశారు. దాదాపు 2,000 మంది. బస్సు రంగు ఒకటే, టికెట్ ఒకటే, రూటు గీసేది ఒకరే. జీతం దగ్గరకొచ్చేసరికి కంపెనీకో రేటు. మేయర్ దగ్గరికి పోతే ‘అది కంపెనీకీ మీకూ మధ్య విషయం’ అంటారు. కంపెనీ దగ్గరికి పోతే ‘కాంట్రాక్టు రేటు ఇంతే’ అంటారు. మధ్యలో మేము.

అందుకే నరసింహ అన్న చెప్పిన మెట్లలో మేము ఇంకా సగంలోనే ఉన్నాం. పాత పద్ధతికి పోవాలని డ్రైవర్లలో ఎవరూ కోరుకోరు. కానీ ఎడిన్‌బరోలో లోథియన్ బసెస్ ఇప్పటికీ కౌన్సిళ్ల సొంత కంపెనీయే, నాటింగ్‌హామ్‌లో సిటీ ట్రాన్స్‌పోర్ట్‌లో పెద్ద వాటా కౌన్సిల్‌దే. అక్కడ లాభం వస్తే ఎక్కువ భాగం ఆ ఊరి ప్రజలకే చెందుతుంది. మనమూ అక్కడికి చేరాలి.

#18 బెజవాడ_వకీలు

రాజు గారూ, ఆ దారి ఇప్పుడే తెరుచుకుంది. 2017 చట్టం ఒక చేత్తో ఫ్రాంచైజింగ్ ఇచ్చి, రెండో చేత్తో ఇంగ్లండ్ కౌన్సిళ్లు కొత్తగా సొంత బస్సు కంపెనీ పెట్టుకోకూడదని నిషేధం పెట్టింది. పాతవి ఉన్నవాళ్లకు ఉన్నాయి, లేనివాళ్లకు లేవు. 2025 అక్టోబరులో వచ్చిన బస్ సర్వీసెస్ చట్టం ఆ నిషేధాన్ని తీసేసింది. మేయర్ లేని ప్రాంతాలకు కూడా ఫ్రాంచైజింగ్ దారి సులువు చేసింది. మాంచెస్టర్ కాంట్రాక్టుల గడువు తీరినప్పుడు ఒక డిపోనైనా సొంత కంపెనీతో నడపమని అడిగే వీలు ఇప్పుడు చట్టంలో ఉంది.

#19 లండన్_లక్ష్మి

ఒక్క డిపో అయినా చాలు. బస్సు నడపడానికి అసలు ఎంత ఖర్చవుతుందో సంస్థకు సొంతంగా తెలిస్తే, టెండరులో కంపెనీ చెప్పే రేటు సబబా కాదా అని నిలదీయొచ్చు. లండన్ అన్నీ అమ్మేశాక ఆ కొలబద్ద పోగొట్టుకుంది.

#20 డిపో_నరసింహ

లక్ష్మమ్మా, ఇదే మేం ఇక్కడ మొత్తుకుంటున్నది. 2025 మే 7 నుంచి సమ్మె అని నోటీసు ఇచ్చినప్పుడు కూడా, ఎలక్ట్రిక్ బస్సులు ఆర్టీసీయే కొని నడపాలన్నది డిమాండ్లలో ఒకటి. ఈ చర్చ చదివాక నాకు మూడు సంగతులు ఖాయమయ్యాయి, మా పాత యూనియన్ మిత్రులకు రాసి పంపిస్తున్నా. ఒకటి, డిపో జాగా ఎట్టి పరిస్థితుల్లోనూ ఆర్టీసీ పేరు మీదే ఉండాలి, కంపెనీకి వాడుకునే హక్కు తప్ప ఇంకేదీ ఇవ్వొద్దు. మాంచెస్టర్ వాళ్లు మళ్లీ కొనుక్కున్న సంగతి ప్రతి డిపోలో చెప్పాలి. రెండు, 2,000 బస్సుల కాంట్రాక్టులో డ్రైవర్ కనీస జీతం, పని గంటలు, పీఎఫ్ టెండరు షరతుగానే రాయాలి, కంపెనీ దయకు వదలొద్దు. మూడు, సిటీలో కొన్ని డిపోలు పూర్తిగా మన బస్సు, మన డ్రైవరు, మన గ్యారేజీతోనే నడవాలి. మెకానిక్ పని ఒకసారి చేతుల్లోంచి పోతే మళ్లీ నేర్పడానికి మనిషి దొరకడు.

రాజు తమ్ముడూ, మీ కాంట్రాక్టులో ట్రిప్పు ఆలస్యమైతే, రద్దైతే ఎంత కోత అనేది బయటికి ఇచ్చారా? ఉంటే ఇక్కడ పెట్టు.

#21 రోచ్‌డేల్_రాజు

సంస్థ కమిటీ మీటింగుల కాగితాలు వెబ్‌సైట్లో పెడతారన్నా, ఆలస్యాల లెక్కలు అందులో ఉంటాయి. కోతల రేట్లు ఉన్నాయో లేదో మా యూనియన్ ప్రతినిధిని అడుగుతాను. లేకపోతే సమాచార హక్కు చట్టం ఇక్కడా ఉంది, దాని కింద అప్లికేషన్ పెడదాం. సుధ అక్కా, అప్లికేషన్ రాయడంలో సాయం చేస్తారా?

#22 సాల్ఫర్డ్_సుధ

ఆదివారం నాకు సెలవు. డిపో కొనుగోలు ధరలు, ట్రిప్పు రద్దు కోతలు, డ్రైవర్ జీతాల షరతులు, ఈ మూడూ ఒకే అప్లికేషన్లో అడుగుదాం. మాస్టారూ, రూటు వారీ ఖర్చుల ప్రశ్నలు మీరు రాసి పెట్టండి, అవి కూడా కలిపేస్తాను. జవాబు రాగానే మొత్తం ఇక్కడే పెడతాను.